మునిరాజుకి నేను పెట్టిన పరీక్ష

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళుమంట. మా అమ్మ ఒంగోల్లో నర్సు. అన్నం తింటూ చావుల గురించి మాట్లాడుకునే ఇల్లు మాది. ఇది మాత్రం నా కళ్ళముందు జరిగింది.

తొంభైల చివర్లో బెంగళూరులో చదువుతున్నా. మెదడు దెబ్బతిన్నవాళ్ళ జ్ఞాపకశక్తి మీద పరిశోధన. తెలుగు పేషెంటు ఎవరొచ్చినా నా నెత్తినే వేసేవాళ్ళు. అలా వచ్చాడు మునిరాజు. బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో తలకి దెబ్బ తగిలింది. పాతవన్నీ గుర్తే, కొత్తది ఏదీ కాసేపు కూడా నిలవదు.

చిన్న కథ చదివి, అరగంటాగి తిరిగి చెప్పమనడం మా పరీక్ష. తప్పో ఒప్పో మేం చెప్పకూడదు, ముఖంలో కూడా తెలియనివ్వకూడదు. అతనెప్పుడూ "ఏం కథ?" అనేవాడు.

భార్య రత్నమ్మ రోజూ అత్తిబెలె నుంచి సంగటి తెచ్చేది. చూడగానే "ఇన్ని దినాలకొచ్చినావా?" అని అలిగేవాడు. పాపం, ఆమె నవ్వేసి, వరండాలోకొచ్చి ఏడ్చేది.

"నిన్న కూడా వచ్చినావు గదా అని ఒక్కసారంటే చాలు మేడం. ఇంకేమొద్దు నాకు."



ఓ రోజు ఆమె రాలేదు. బస్సు కోసం రోడ్డు దాటుతుంటే లారీ కొట్టేసిందట, అక్కడికక్కడే పోయిందట. ఆమె తమ్ముడొచ్చి వరండాలో నాకు చెప్పాడు.

"బావకు చెప్పొద్దు మేడం. ఎట్లాగూ మర్చిపోతాడు. దినమూ మళ్ళా చెప్పల్ల, మళ్ళా ఏడ్సల్ల."

నిజమే కదా. ఎవరమూ నోరు విప్పలేదు.

మర్నాడు మామూలుగానే కథ చదివా. అరగంటాగి అడిగా. "ఏం కథ?" అన్నాడు. నేను లేవబోతుంటే, మంచం కాళ్ళవైపు చూసి నవ్వాడు. అక్కడ ఎవరూ లేరు.

"నిన్న కూడా వచ్చినావు గదా," అన్నాడు. "మొన్న వంకాయ పులుసు తెస్తివి. అటుమొన్న గోళ్ళు తీస్తివి. నిన్నట్నుంచి ఉత్త చేతుల్తో కూర్చోనుండావు, మాట్లాడవేం?"

పులుసు నిజం. గోళ్ళు నిజం. రెండుసార్లూ నేనక్కడే ఉన్నా. ముఖంలో తెలియనివ్వకుండా ఉండటం నావల్ల కాలేదు, బయటికొచ్చేశా.

"ఆమె పోయిందని ఎవరో చెప్పుంటారు, దుఃఖం మెదడులో వేరే దారిన నిలుస్తుంది," అన్నారు మా రీసెర్చి గైడు. అతను దుఃఖపడలేదండీ, సంతోషంగా ఉన్నాడు! చావు మాటే ఎత్తలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళు ఇదే పనిలో ఉన్నా, అలాంటి పేషెంటు మళ్ళీ కనబడలేదు.

అదెలా జరిగిందో నాకిప్పటికీ తెలీదు. అంతకంటే, ఆ మాట రత్నమ్మ విందో లేదో తెలీదు.