అరవై ఒకటో బిళ్ళ

మొహియుద్దీన్ గారికి లోకంలో ఏ రెండు వస్తువులూ ఒకేలా కనబడవు. అందుకే ఆయన భార్య కరీమున్నీసాకు ఇడ్లీ వడ్డించడం కూడా ఒక పరీక్షే.

"ఇది కింది రేకులోది. పిడి వైపు గుంట," అనేవారు ఇడ్లీని కంటి దగ్గరకు తెచ్చుకుని.

"ఏ గుంటదైతే ఏటండీ? తినండి."

"అంచు నొక్కుకుపోయింది సూడు. రంజాన్ ముందు ఆ రేకు కింద పడేసేవు."

పడేసిన మాట నిజమే. కాని ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

పూర్ణా మార్కెట్ దగ్గర ఆయనది గడియారాలు బాగుచేసే దుకాణం. కంటికి బిగించుకునే అద్దం ఇంట్లోనూ జేబులోనే ఉండేది. ఓసారి పక్కింటి సూర్యకాంతమ్మ కవల మనవల్ని నిలబెట్టి, "పెద్దోడెవడో సెప్పండి సాయిబు గారూ!" అని సరదాకి అడిగింది. ఆయన చాలాసేపు చూసి, "అది తెల్దు గానీ, సొక్కాలు మార్చి తొడిగేవమ్మా. నిన్న విరిగిన బొత్తాం ఈడి సొక్కాకుంది కదా," అన్నారు. ఆమె మళ్ళీ పిల్లల్ని తీసుకురాలేదు.

ఇదంతా తపాలా బిళ్ళల వల్ల వచ్చిన జబ్బు. ఆయన తాతగారి వ్యాపారపు ఉత్తరాల మూటల్లో రాణి బొమ్మ ఉన్న పాత నీలం అర్ధణా బిళ్ళలు దొరికాయి. అవి రాతి మీద అచ్చు వేసినవి, వరసకు ఎనిమిది చొప్పున ఒక్కో కాగితానికి తొంభై ఆరు. అన్నీ ఒకే బొమ్మ. కాని అచ్చులో ఒకదానికి చుక్క పడింది, ఇంకోదానికి గీత తెగింది. ఆ లోపాన్ని బట్టి ఏ బిళ్ళ ఏ వరసలో ఎన్నోదో చెప్పొచ్చు. మొహియుద్దీన్ గారు ఆల్బమ్‌లో గడులు గీసి తొంభై అయిదు స్థానాలు నింపారు. ఎనిమిదో వరసలో అయిదో గడి, అంటే అరవై ఒకటి, ఖాళీగా ఉండిపోయింది.

దాన్ని వెతికే పని స్నేహితుడు శ్రీరామ్మూర్తి పెట్టుకున్నాడు. మల్కాపురంలో ఉంటాడు, పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పాత కాగితాల దుకాణాలన్నీ గాలించి, ఏ నీలం బిళ్ళ దొరికినా ఆదివారం పొద్దున్నే పట్టుకొచ్చేవాడు.

"బావా, ఈసారి అరవయ్యొకటే! ఒట్టు!"

"పంతొమ్మిది. గడ్డం కింద సుక్క సూడు."

"ఏ సుక్క? నాకు రాణిగారే సరిగా కనబడ్డం లేదు."

"పంతొమ్మిదులు నా కాడ ఆరున్నాయి బావా. దుకాణం పెట్టొచ్చు."

పదకొండేళ్ళు ఇదే వరస. ఒక్కసారైనా "పోనీ, దగ్గరగా ఉంది" అనలేదు ఆయన.

1979లో శ్రీరామ్మూర్తి కళ్ళకు శుక్లాలు ముదిరాయి. ఇంకా ఆలస్యమైతే చూపే పోతుందన్నాడు డాక్టరు. శ్రీరామ్మూర్తి మొండికేశాడు.

"కత్తి తగిలి కన్ను పోతే ఎలా ఎతుకుతాను? అరవయ్యొకటి దొరికేకే ఆపరేసను."

"అప్పటికి మా ఇంటి గుమ్మం కూడా కనబడదు, అన్నయ్యా!" అంది కరీమున్నీసా.

"తడుముకుని వత్తాను, సెల్లీ."

ఆ పైవారం నిజంగానే గోడ తడుముకుంటూ వచ్చి ఓ బిళ్ళ చేతిలో పెట్టాడు. మొహియుద్దీన్ గారు దాన్ని చూశారు. కంటికి అద్దం కూడా బిగించుకోలేదు.

"అరవయ్యొకటి," అన్నారు.

కరీమున్నీసా చేతిలో గరిటె ఆగింది. శ్రీరామ్మూర్తి ఏడ్చినంత పని చేశాడు. బిళ్ళ ఖాళీ గడిలోకి వెళ్ళింది, మర్నాడు శ్రీరామ్మూర్తి ఆస్పత్రికి వెళ్ళాడు.

రెండు నెలల తర్వాత సీసా అడుగులంత మందం కళ్ళజోడుతో ఒక్కడే నడిచి వచ్చాడు. వస్తూనే ఆల్బమ్ అడిగాడు. ఎనిమిదో వరస మీద భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, కెవ్వుమన్నాడు.

"బావా! గడ్డం కింద సుక్క! ఇది పంతొమ్మిదిరా! ఇంత సుక్క నీకు కనబడలేదేటి?"

మొహియుద్దీన్ గారు తల ఎత్తకుండా అన్నారు: "పదకొండేళ్ళలో నువ్వు సరిగా సెప్పిన మొదటి నెంబరు."

 శ్రీరామ్మూర్తి ఆ బిళ్ళను జాగ్రత్తగా తీసి, గడిని ఖాళీ చేశాడు. "మళ్ళీ ఎతకాలన్నమాట," అన్నాడు సంతోషంగా.

కరీమున్నీసా ఇడ్లీలు తెచ్చింది. శ్రీరామ్మూర్తి ఒకటి తీసి కళ్ళజోడుకు ఆనించి అటూ ఇటూ తిప్పాడు.

"సెల్లీ, ఇది కింది రేకుదే కదూ?"

"తోబా! ఒకరితోనే సస్తంటే ఇప్పుడు ఇద్దరయ్యారు!"

మొహియుద్దీన్ గారు కంటికి అద్దం బిగించుకున్నారు.

"కాదు బావా," అన్నారు. "పై రేకుది."