బోర్లా పెట్టిన బొమ్మ

బీడీలు చుట్టే తునికాకు తెంపడానికి తెల్లారకముందే అడవికి పోయినవాళ్లు ఎండ ముదిరేలోపు ఇళ్లు చేరతారు. ఆ రోజు కూడా అందరూ చేరారు, ఒక్క భీము తప్ప.

పాతగూడెం నుంచి నాలుగు మైళ్లు లోపలికున్న ఆ చిన్న గూడెంలో, ఇప్పచెట్టు కింద మంచం మీద కూర్చున్న సమ్మన్న గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట దాటింది. ఎదురింటి ముందు, ఆకు కట్టలు కట్టడానికి తడిపి పెట్టిన నార ఆరిపోతున్నది. అది భీము ఇల్లు. అతని పెండ్లాం అంకమ్మ చంకలో పసిపిల్లతో గుమ్మంలో నిలబడి అడవి వైపు చూస్తున్నది. మధ్యమధ్య సమ్మన్న చేతిసంచి వైపు చూస్తున్నది. ఆ సంచిలో పొద్దున రాసిన కాగితం ఒకటి ఉంది. అందులో ఏముందో వాళ్లిద్దరికే తెలుసు. నాగపూరు కాలేజీలో పదమూడేండ్లుగా మనస్తత్వశాస్త్రం చెబుతున్న మనిషి, ఆ చూపు తగిలినప్పుడల్లా తల వంచుకుంటున్నాడు.

అది 1986 వేసవి.

సమ్మన్నది అంకిస, మహారాష్ట్రలో సిరొంచ పక్కనున్న తెలుగు ఊరు. తల్లిదండ్రులు ఒకరి పొలంలో నాట్లు వేసి బతికినవాళ్లు. అక్క నర్సక్క మూడో తరగతిలో బడి మాని తల్లి వెంట కలుపుకు పోయింది, తమ్ముడి చదువు ఆగకూడదని. ఆ మాట ఆమె ఎన్నడూ నోటితో అనలేదు. అతను సిరొంచకు పరీక్ష రాయడానికి పోయే రోజున మాత్రం రొట్టె మూటలో బెల్లం ముక్క ఒకటి ఎక్కువ ఉండేది. మరాఠీ బడిలో చదివి, నాగపూరులో ఎం.ఏ. చేసి, అక్కడే లెక్చరరైనా ఆ బెల్లం రుచి అతని నాలుక మీదే ఉండిపోయింది.

ఒకనాడు క్లాసు జరుగుతుంటే కిటికీలోంచి పసిరిక పాము ఒకటి జారి పడింది. పిల్లల్లో సగం మంది పుట్టి బుద్ధెరిగాక పామును కళ్లజూడనివాళ్లు. అయినా అరవైమందీ బెంచీలెక్కారు. అదే పిల్లలు సాయంత్రం లారీల మధ్య నుంచి నవ్వుకుంటూ రోడ్డు దాటుతుంటే సమ్మన్న చూశాడు. పట్నంలో లారీ కింద పడి పోయేవాళ్లు ఎందరు, పాము కరిచి పోయేవాళ్లు ఎందరు? మరి ఈ వణుకు పాముకే ఎందుకు దక్కింది?

ఆ ప్రశ్న పట్టుకొని లైబ్రరీలో విదేశీ పత్రికలన్నీ తిరగేశాడు. మనిషి వేలవేల తరాలు అడవిలో బతికాడనీ, మెకాన్ని చూసి జంకినవాడే ప్రాణం దక్కించుకొని పిల్లల్ని కన్నాడనీ, ఆ జంకు ఇప్పటికీ మన ఒంట్లో మిగిలి ఉందనీ కొందరు అప్పుడప్పుడే రాస్తున్నారు. విభాగం పెద్ద నవ్వాడు. "మనసు గురించి చెప్పమంటే కోతుల దగ్గరికి పోతావేమయ్యా?" అన్నాడు. అక్కకు చెబితే నర్సక్క నవ్వలేదు. "దేవుడు మనిషిని ఒక్కనాడే చేసిండో, మెల్లమెల్లగ చేసిండో, మనకేమెరుక తమ్మీ. చేసిన చెయ్యి ఒక్కటే" అని, కాళేశ్వరం స్వామి దగ్గర తెచ్చిన దారం అతని మణికట్టుకు కట్టింది.

రీడరు పోస్టుకు సొంతంగా చేసిన పరిశోధన ఒకటి కావాలన్నారు. సమ్మన్న ఎనిమిది అట్టల మీద ఎనిమిది బొమ్మలు గీయించాడు. పులి, పాము, తేలు, నిప్పు, వరద, లారీ, కరెంటు తీగ, చీమ. ఎక్కువ భయమున్నది మొదట, తక్కువ భయమున్నది చివర పెట్టాలి. చీమను ఊరికే చేర్చాడు, మాట అర్థమైందో లేదో తెలుసుకోవడానికి. నాగపూరులో రెండొందల మందిని అడిగి, ఆ తర్వాత అడవిలోనే బతికేవాళ్లను అడగాలని ఈ గూడెం వచ్చాడు.

మూడు రోజుల్లో ముప్పైతొమ్మిది మంది బొమ్మలు పేర్చారు. ముప్పైతొమ్మిది మందీ చీమను మొదట పెట్టారు. పులిని చిట్టచివర, అదీ బోర్లా పెట్టారు. చీమ మొదటికెట్లా వచ్చిందని ఆగి ఆలోచించకుండానే సమ్మన్న పొంగిపోయాడు. అడవిలో ఉండేవాళ్లకు పులి భయమే లేదంటే పుస్తకాలన్నీ తిరగరాయాలి!

అంకిసలో సందెవేళ పామును పామని ఎవరూ అనరు, పురుగంటారు. నర్సక్క ఈనాటికీ అంతే. అతనూ చిన్నప్పుడు అట్లాగే అన్నవాడే. ఇరవై ఏండ్ల పట్నవాసంలో ఆ సంగతి తలలోంచి జారిపోయింది.

ఆ పొద్దున అంకమ్మ చల్ల చెంబు తెచ్చి మంచం పక్కన పెట్టింది. పెట్టి, కదల్లేదు.

"సారూ, ఒక మాటంటే కోపం చెయ్యవు గద?"

"చెప్పు చెల్లె."

"మూడొద్దుల సంది చూస్తాన్న. ఎండల కూసొని రాస్తనే ఉన్నవు. గా చీమకు ఎవలన్న భయపడ్తరా? అందరు నీకు ఉల్టా చెప్తాండ్రు."

సమ్మన్న కలం ఆగింది. "ఎందుకట్ల?"

"మొగోళ్లు అడివిల ఉన్నప్పుడు పెద్దాయిన పేరెత్తం. ముందర పెడితే పిలిచినట్టే గద. నిన్ను మోసం చేసుడు కాదు సారూ, ఇండ్లు కాపాడుకునుడు."

"మరి నువ్వెందుకు చెప్పినవు?"

"గిట్లనే రాసుకపోతే అక్కడ పెద్దసార్లు నిన్ను నవ్వుతరు గద" అంది ఆమె. పిల్లను ఇంకో చంకకు మార్చుకొని, వంగి, బోర్లా ఉన్న అట్టను తిప్పి వరుసకు మొదట పెట్టింది. "గిదే. మిగిలినయన్ని దీని ఎనుకనే." మిగతా ఏడూ దాని పక్కన పేర్చి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి పోయింది.

సమ్మన్న నలభయ్యో కాగితం మీద అంకమ్మ పేరు రాసుకొని, సంచిలో పెట్టి, మంచం పక్కన నేల మీదున్న బొమ్మలు తీయడం మరిచి స్నానానికి వాగుకు పోయాడు. తిరిగొచ్చాకా వాటిని తీయాలని తోచలేదు. తప్పంతా అక్కడే జరిగింది.

ఇప్పుడు, కొడుకు ఇంకా రాలేదని, అంకమ్మ అత్త పోశక్క మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. వరుస మొదట్లో వెల్లకిలా ఉన్న బొమ్మను చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె పెట్టిన కేకకు గూడెమంతా పోగైంది. జంగు తాత కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. ఆ గూడెంలో అందరికన్నా పెద్దవాడు, అందరికన్నా తక్కువ మాట్లాడేవాడు.

"దీన్ని ముందర పెట్టింది ఎవలు?" అన్నాడు.

పోశక్క చూపు మెల్లగా కోడలి మీదికి తిరిగింది. అంకమ్మ పెదవులు తెల్లబారాయి. పిల్ల ఏడుపందుకుంది.

ఆ గూడెంలో ఒక కట్టు ఉంది. మనిషి అడవిలో తప్పితే వెతికేవాళ్లు ఒకరి వెనుక ఒకరు బారుగా పోతారు. పెద్దాయనను పిలిచినవాళ్లు ఎవరైతే వాళ్లే ముందు నడవాలి. పిలిచినవాళ్లే సాగనంపాలి. ఆడదైనా, చంకలో పిల్లున్నా అంతే.

అట్ట ముక్క దేన్నీ పిలవదని సమ్మన్నకు తెలుసు. ఆ మాటే చెప్పవచ్చు. చెప్పినా ఆ నిమిషాన ఎవరి చెవికెక్కుతుంది? అంకమ్మకు ఏం ఒరుగుతుంది? భీము రాకపోతే, ఆమె బతికినన్నాళ్లూ మొగుణ్ని అడవికి అప్పజెప్పిన ఆడదిగానే మిగిలిపోతుంది. తనకు సాయం చేయబోయి.

"నేనే పెట్టిన తాతా" అన్నాడు.

పోశక్క మండిపడింది. "సదువుకున్నోనివి, నీకెందుకయ్య గా పని? మమ్ములనందరిని అడిగి అడిగి రాసుకుంటివి. ఇగ పో, నీ బొమ్మలు దానికే చూపియ్యి!"

జంగు మాత్రం బొమ్మల వరుసనూ సమ్మన్ననూ మార్చి మార్చి చూశాడు. తన కాళ్ల టైరు చెప్పులు విప్పి ముందుకు తోశాడు. "గా పట్నం చెప్పులు జారుతయి. ఇయి తొడుక్కో."

"నీకో తాతా?"

"నా కాళ్లకు అడివి ఎరికే."

పన్నెండు మంది గొడ్డళ్లు, డబ్బాలు పట్టుకొని బయలుదేరారు. సమ్మన్న ముందు. అతని వెనుకే జంగు. గూడెం దాటి వందడుగులు పోయేసరికి ఎండాకుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గాలి లేదు. పిట్ట లేదు. ఒళ్లు గగుర్పొడిచి వెంట్రుకలు లేచాయి. చేతుల్లో రక్తం కాళ్లలోకి దిగినట్టు అరచేతులు చల్లబడ్డాయి. ఇవన్నీ అతను ఏటా బోర్డు మీద రాసి చెప్పేవే. ఇప్పుడు ఒళ్లే ఆ పాఠం చదువుతున్నది, అతను కాదు. వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. తిరిగితే బారు విరిగిపోతుంది. అప్పుడు ముందు నడవడానికి అంకమ్మను పిలుస్తారు. మణికట్టు దారాన్ని వేళ్లతో పట్టుకున్నాడు. స్వామీ అన్నాడు. ఆ తర్వాత ఏం కోరాలో తోచలేదు.

"సారూ" జంగు గొంతు చెవి దగ్గరే వినిపించింది. "పరేషాన్ గాకు. నేను ఎనుకనే ఉన్న. ఎటూ నావి బొక్కలే, కండ నీదే."

ఎవరో వెనుక కిసుక్కుమన్నారు. సమ్మన్నకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అంతలో దూరాన కొండముచ్చు ఒకటి, మెకం కంటబడితే అరిచినట్టు, ఖాక్ ఖాక్ అని అరిచింది. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

వాగు ఒడ్డున తునికాకు మూట విచ్చిపోయి పడి ఉంది. పక్కన గొడ్డలి. తడి ఇసుకలో అరచేతి కన్నా పెద్ద అడుగు. ఆ అడుగులోకి నీరు ఇంకా ఊరుతున్నది. అంటే అది ఇప్పుడిప్పుడే పడింది. డబ్బాలు కొడదామని ఒకడు చెయ్యెత్తితే జంగు ఆపాడు. ముందు మనిషి ఎక్కడున్నదీ తెలియాలి. సమ్మన్న ఒక్కో అడుగూ తీసి వేస్తున్నాడు. భీమును చూడాలనీ ఉంది, ఏ తీరుగా చూడవలసి వస్తుందోనని కళ్లు మూసుకోవాలనీ ఉంది.

భుజం మీద ఏదో పడింది. పచ్చి ఆకు. గాలి లేదు కదా అనుకొని తల ఎత్తాడు.

నల్లమద్ది చెట్టు పైకొమ్మను రెండు చేతులా కరిచిపట్టుకొని భీము ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నోరు తెరిచినా గొంతు పెగలడం లేదు. కాలివేళ్లతో ఆకులు తుంచి కిందికి విడుస్తున్నాడు. చెట్టు బెరడు మీద మనిషి ఎత్తున తాజా గీరలు, వాటి నుంచి కారుతున్న జిగురు. నాలుగు బారల దూరంలో గడ్డి కదిలింది.

"కొట్టుండ్రి!" అన్నాడు జంగు.

డబ్బాలు మోగాయి. పన్నెండు గొంతులు ఒక్కటై అరిచాయి. సమ్మన్న కూడా అరిచాడు. ఏమని అరిచాడో అతనికి గుర్తు లేదు. గడ్డి ఇంకోసారి కదిలింది, ఇంకాస్త దూరంలో కదిలింది, తర్వాత వాగు అవతల కదిలింది. పెద్దాయన అతనికి కనిపించనే లేదు. కనిపించకపోవడమే ఏండ్ల తరబడి అతన్ని నిద్రలోంచి లేపింది.

భీము చేతులను కొమ్మ నుంచి విడదీయడానికి ఇద్దరు చెట్టెక్కవలసి వచ్చింది. దిగాక అతను సమ్మన్న చొక్కా అంచు పట్టుకొని, గూడెం దాకా వదల్లేదు.

పొద్దు గుంకకముందే చేరారు. అంకమ్మ మొగుడికి ఎదురొచ్చింది. పిల్లను అతని ఒళ్లో పెట్టి, నీళ్ల చెంబు ముందు సమ్మన్నకు ఇచ్చింది. అంతగా తిట్టిన పోశక్కే ఆకు దొప్పలో జావ పోసి తెచ్చి, "తాగు కొడుకా, పొద్దుగాల్ల సంది కడుపుల ఏం లేదు" అంది.

మరునాడు జంగు అతన్ని బస్సు దాకా సాగనంపాడు. "సారూ, మల్ల ఇటు రావద్దు. కోపం కాదు. నిన్ను చూస్తే మా ఆడోళ్లకు గిదంత యాదికొస్తది."

"రాను తాతా."

కొంత దూరం నడిచాక ముసలాయన మళ్లీ అన్నాడు. "నాకు ఎరికే. నువ్వు బొమ్మలు ఎడమ దిక్కుకెల్లి పేరుస్తవు, బడిల రాసినట్టు. నిన్నటి వరుస కుడి దిక్కుకెల్లి ఉండె. మా ఆడోళ్లు ఆకులు పేర్చినట్టు."

సమ్మన్న నిలబడిపోయాడు. "మరి నన్నెందుకు నడిపిచ్చినవు?"

"పిల్లతల్లిని నడిపియ్యాల్నా? అందుకే నీ ఎనుక నేనే నడిచిన." బస్సు వచ్చింది. జంగు తన చెప్పులు తిరిగి తీసుకోలేదు.

నాగపూరు చేరాక సమ్మన్న రాయడానికి కూర్చున్నాడు. నలభయ్యో కాగితం ఒక్కటి చేరిస్తే ముప్పైతొమ్మిది అబద్ధాలకూ అర్థం దొరుకుతుంది. భయపడేదాని పేరెత్తకపోవడం కూడా ఆ పాత జంకులో భాగమేనని చెప్పవచ్చు. పేర్లు తీసేసి రాయవచ్చు కూడా. రెండు పేజీలు సాగింది. పెద్దాయన పేరు రాయవలసిన చోట కలం ఆగింది. అది మే నెల, వానలు పడేలోపు ఆకు తెంపే కాలం. భీము మళ్లీ ఆకుకు పోతున్నాడని నర్సక్క ఎవరితోనో కబురు పంపింది. ఈ మే పోనీ అనుకున్నాడు. పై ఏడు కూడా మే నెల వచ్చింది. రీడరు పోస్టు అతని కన్నా చిన్నవాడికి పోయింది.

పాఠం మాత్రం మానలేదు. 1989 ఏప్రిల్ నెలాఖరున, ఎనిమిది బొమ్మలూ బల్ల మీద పేర్చి చెబుతుంటే మొదటి బొమ్మ ప్రతి ఎండాకాలంలాగే బోర్లా ఉంది. ముందు బెంచీలోని అమ్మాయి ఆపుకోలేక చెయ్యి చాపింది.

"సర్, ఇది తిప్పి చూడనా?"

సమ్మన్న చెయ్యి అంతకన్నా ముందే అట్ట మీద పడింది. నాలుగొందల కిలోమీటర్ల అవతల ఎవరెవరు అడవిలో ఉన్నారో ఆ పిల్లకేం తెలుసు? అరచేయి చల్లబడింది.

"వానలు పడనీ అమ్మా" అన్నాడు మెల్లగా. "అప్పుడు చూపిస్తాను."