చలికి మొరాయించిన వాల్వు

2023 ఏప్రిల్ నెల, న్యూజిలాండ్‌లో చలికాలం ముందు రోజులు. హామిల్టన్‌లో ఆకులు రాలుతున్నాయి, పొద్దున పూట కారు అద్దాల మీద మంచు పేరుకోవడం అప్పుడే మొదలైంది. మా వర్క్‌షాప్ ఊరి చివర, ట్రాక్టర్లు అమ్మే యార్డు పక్కన ఉంటుంది. నేను అక్కడ టెస్ట్ ఇంజనీరును. తయారైన ప్రతి వస్తువునూ పరీక్షించి, బాగుంటే సంతకం పెట్టి పంపడం, బాగాలేకపోతే ఆపడం నా ఉద్యోగం.

మేము తయారు చేసేవి ఫైర్ సప్రెషన్ పరికరాలు, అంటే మంటను పుట్టిన చోటే ఆర్పేవి. అడవుల్లో చెట్లు నరికే పెద్ద యంత్రాల్లోనూ గనుల్లో తిరిగే బండ్లలోనూ వీటిని బిగిస్తారు. అటువంటి చోట్ల ఇంజను దగ్గర నిప్పు అంటుకుంటే డ్రైవరు కిందికి దిగేలోపే అంతా అయిపోతుంది. అందుకని సీటు వెనక మంటలార్పే మందు నింపిన సీసా ఒకటి ఉంటుంది. సెన్సరు మంటను చూసిన క్షణంలో సీసా మూతికి ఉన్న వాల్వు తెరుచుకుని మందు చిమ్ముతుంది. ఆ వాల్వే మా సంస్థకు అన్నం పెట్టే వస్తువు. మనిషి కనురెప్ప వేసేలోపు అది తెరుచుకోవాలి.

ఆ ఏడాది ఐరోపా దేశాలు ఉక్రెయిన్‌కు ఆధునిక యుద్ధ ట్యాంకులు పంపుతున్నాయి. వాటిలో చాలా ట్యాంకులు ఏళ్ల తరబడి షెడ్లలో కదలకుండా పడి ఉన్నవి. పంపేముందు వాటిని విప్పి బాగుచేసే అక్కడి కర్మాగారం ఒకటి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ట్యాంకు లోపల మనుషులు కూర్చునే చోట మంటలార్పే సీసాలున్నాయిగానీ వాటి వాల్వులు పాడైపోయాయట. వాళ్లకు ఎప్పుడూ ఇచ్చే కంపెనీ ఏడాది ఆగమంది. గనుల బండ్ల కోసం మేము చేసే వాల్వు ఆ సీసాలకు సరిగ్గా సరిపోయింది.

మా యజమాని గ్రాంట్ తొందరపడే మనిషి కాదు. యుద్ధంలోకి వెళ్లే ఏ వస్తువుకైనా ఇక్కడ ప్రభుత్వ అనుమతి కావాలి. రాజధాని వెల్లింగ్టన్ నుంచి ఆ అనుమతి వచ్చాకే అందరినీ నిలబెట్టి విషయం చెప్పాడు. ఇష్టం లేనివాళ్లు ఈ పని నుంచి తప్పుకోవచ్చని, ఎవరినీ ఏమీ అనబోనని కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన రమణతో ఈ మాట చెప్పాను. మాది అనంతపురం. కోపం రాకపోయినా ఆయన మాటలో ఊరు పలుకుతుంది.

"యుద్ధానికి సామాన్లు పంపేది మనకెందుకు? గనులకు, అడవులకు చేసుకుంటా హాయిగా ఉండారు గదా."

"ఇది తుపాకీ కాదు. లోపలున్నోళ్లు కాలిపోకుండా ఆపేది."

"లోపలున్నోళ్లు చేసే పనేంది మరి?"

ఆ మాటే తలుచుకుంటూ గిన్నెలు కడిగాను. కానీ మంటలార్పే వాల్వును ఫలానా మనిషికి ఇవ్వను అనగలనా అని నన్ను నేను ప్రశ్నించుకుంటే, అనలేను అనే తోచింది. మరునాడు పనిలో చేరాను.

కర్మాగారం తరఫున మాతో మాట్లాడే ఇంజనీరు పేరు ఒక్సానా. ఆమె ఉక్రెయిన్ మనిషే. యుద్ధం మొదలయ్యాక సరిహద్దు దాటి వచ్చి అక్కడ చేరింది. మాకు సాయంత్రమైతే ఆమెకు తెల్లవారేది. వీడియోలో ఎప్పుడూ వెనక ట్యాంకు ఒకటి కనిపించేది, చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీలు ఊడదీసి, కోడిపెట్ట పొదిగినట్టు నేలమీద కూర్చుని. మొదటి వారంలోనే నేను ఒక మాట అడిగాను, ట్యాంకు తీసుకోవడానికి వచ్చే సైనికులు మీతో ఏం మాట్లాడతారని.

"ఫిరంగి ఎంత దూరం కొడుతుందని అడుగుతారనుకున్నావు కదూ? అది వాళ్లకు ముందే తెలుసు. మంట వస్తే మాకు ఎంత టైముంటుంది అని అడుగుతారు. లోపల నలుగురుంటారు. డ్రైవరు అందరికంటే ముందు, విడిగా, ఇరుకులో పడుకున్నట్టు కూర్చుంటాడు. ఎక్కువగా అడిగేది అతనే."

ఆ మాట విన్న తర్వాత నాకు వాల్వు వాల్వులా కనిపించలేదు.

వాల్వులన్నీ ఒకే బ్యాచ్‌గా తయారయ్యాయి. నేను కొన్ని తీసి మామూలు గదిలో పరీక్షిస్తే అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. తర్వాత కోల్డ్ ఛాంబర్‌లో పెట్టాను. అది పెద్ద ఫ్రీజరు లాంటిది, కాకపోతే అంటార్కిటికా చలిని కూడా పుట్టించగలదు. పొద్దున్నుంచి అందులో ఉంచిన వాల్వులను మధ్యాహ్నం ఒక్కొక్కటే తెరిపించి చూశాను. ఒకటి ఆలస్యంగా తెరుచుకుంది. మళ్లీ చూస్తే మామూలుగానే పనిచేసింది. మూడోసారీ అంతే.

ఈ ఉద్యోగంలో ఇలాంటి ఫలితం కంటే చిక్కైనది ఉండదు. పూర్తిగా పాడైపోయిన వస్తువును పక్కన పెట్టడం సులభం. మొదటిసారి తప్పి, రెండోసారి నెగ్గిన వస్తువు, సెన్సరు వైరు వదులైందేమో, నువ్వే సరిగ్గా చూడలేదేమో అని మనల్నే అనుమానంలో పడేస్తుంది. నాకూ అలాగే అనిపించింది. వైర్లన్నీ విప్పి మళ్లీ బిగించాను. బ్యాచ్‌లోంచి ఇంకొన్ని వాల్వులు తెచ్చి చలిలో పెట్టాను. మర్నాడు ఉదయానికి వాటిలోనూ కొన్ని మొదటిసారి ఆలస్యమయ్యాయి.

గ్రాంట్ నా బల్ల దగ్గరికి వచ్చి స్క్రీన్ మీద, వాల్వు ఎంత వేగంగా తెరుచుకుందో చూపే గీతలను చాలాసేపు చూశాడు.

"అక్కడ ఇప్పుడు వసంతం కదా," అన్నాడు మెల్లగా. "చలి పోయింది."

"చలికాలం మళ్లీ వస్తుంది గ్రాంట్."

అతను డబ్బాల మీద పెట్టే ఎర్ర ట్యాగు తీసి నా చేతికిచ్చాడు. ఆ ట్యాగు పడితే వస్తువు గేటు దాటదు.

మా సరుకును విమానంలో పంపించేది అన్వర్. వరంగల్ మనిషి, ఆక్లాండ్‌లో శివారు పేట బోటనీ డౌన్స్‌లో ఉంటాడు, సొంతంగా రవాణా ఏజెన్సీ నడుపుతాడు. ఫోన్ చేసి సరుకు రావడం లేదని చెప్పాను.

"ఏందక్కా, గట్లంటవ్? రేపు పొద్దుగాల్ల కట్-ఆఫ్, అప్పటికి సరుకు ముట్టాలె. విమానంల జాగ కోసం ఎంతమందిని బతిమాలిన్నో నీకేం తెల్సు?"

"వాల్వులో లోపముంది అన్వర్. పంపితే మనుషులు పోతారు."

అటు నుంచి కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"అయితే వద్దక్కా. శుక్రవారం ఫ్లైట్‌ల చూస్త. గది తప్పితే మల్ల వచ్చే వారమే. జెర జల్ది కానియ్యుండ్రి."

ఒక్సానాకు చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. ఆమెకు కోపమొచ్చింది, రావాల్సిందే. ట్యాంకులు ఆ వారాంతం తర్వాత రైలెక్కాలి. వాల్వులు లేకపోతే అవి లేకుండానే వెళ్లిపోతాయి.

"మీ గదిలో బాగా పనిచేశాయన్నావుగా! పంపించెయ్. అసలు లేకపోవడం కంటే ఆలస్యంగా తెరుచుకునేదే నయం కదా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. రాత్రంతా నన్ను నేను వేసుకున్న ప్రశ్న కూడా అదే. నాకు తోచిందే ఆమెకు చెప్పాను.

"వాల్వు లేదని తెలిస్తే డ్రైవరు జాగ్రత్తగా ఉంటాడు. ఉందని నువ్వు చెబితే నిన్ను నమ్ముతాడు. చలిలో దాన్ని నమ్మొచ్చని నేను నీకు చెప్పలేను ఒక్సానా."

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. కళ్లు తుడుచుకుందో, వెనకున్న ట్యాంకును చూసిందో నాకు తెలియలేదు. తర్వాత అంది: "రైలును ఆపే అధికారం నాకు లేదు. కానీ ఏ ట్యాంకు ముందు ఎక్కాలో, ఏది చివర ఎక్కాలో నేను చెప్పగలను. కొన్నింటిని చివరికి నెడతాను. మిగిలింది మీ చేతుల్లో ఉంది."

కారణం దొరికింది మాత్రం అసెంబ్లీ చూసుకునే హేమి వల్ల. అతను మావోరీ, ఈ దేశపు మూలవాసి, ఇరవై ఏళ్లుగా వాల్వులు బిగిస్తున్న మనిషి. ఇప్పటిదాకా వాల్వు వేడెక్కాక విప్పి చూశాం, చల్లగా ఉండగానే విప్పితే ఏం కనిపిస్తుందో చూద్దామన్నాడు. మందపాటి గ్లవ్స్ తొడుక్కుని ఛాంబర్ ముందే నిలబడి విప్పాడు. లోపల రబ్బరు సీల్ చుట్టూ రాసే గ్రీజు గట్టిగా, తెల్లగా పేరుకుని ఉంది. ఫ్రిజ్‌లో మర్చిపోయిన నెయ్యి గిన్నెలా ఉందనిపించింది నాకు. మొదటిసారి తెరుచుకున్నప్పుడు ఆ పేరుకున్నది పక్కకు జరిగిపోతోంది, అందుకే రెండోసారి ఏ ఇబ్బందీ ఉండటం లేదు.

గ్రీజు డబ్బా తీసి చూశాం. మేము ఎప్పుడూ వాడేది కాదు. సరఫరాదారు దగ్గర మా రకం అయిపోతే, దానికి సమానమైనదేనంటూ వేరేది పంపాడు. మామూలు చలికి సమానమే. మాకు కావలసిన చలికి కాదు.

"నా చేత్తోనే రాశాను దీన్ని," అన్నాడు హేమి. డబ్బా మూత బిగించి దూరంగా నెట్టాడు.

"దొరికింది కదా హేమి. ఇంకా మన గేటు లోపలే ఉంది," అన్నాను. ఆ మాట అన్నాకే నాకూ ఊపిరాడింది. అప్పటిదాకా లోపమేమిటో తెలియక, ఎక్కడ వెతకాలో తెలియక తిరిగాను. ఇప్పుడు చేయాల్సిన పని కళ్ల ముందుంది.

మా పాత గ్రీజు ఆక్లాండ్‌లో విమానాలు బాగుచేసే ఒక చోట ఉందని తెలిసింది. కొరియరైతే మర్నాటికిగానీ రాదు. అన్వర్‌కు చెబితే ఇంకేమీ అడగలేదు. "నేనే పట్కొస్త," అన్నాడు. మధ్యాహ్నం భోజనం వేళకు అతని వ్యాను మా యార్డులోకి వచ్చింది. గ్రీజు ట్యూబుల సంచి ఒక చేతిలో, వాళ్లావిడ కట్టిచ్చిన బిర్యానీ డబ్బా ఇంకో చేతిలో.

తర్వాత రెండు రోజులు మా వర్క్‌షాప్‌లో వేరే పని జరగలేదు. వాల్వులన్నీ విప్పి, తుడిచి, కడిగి, ఆరబెట్టి, కొత్తగా గ్రీజు రాసి బిగించాం. ఆఫీసులో లెక్కలు చూసే ఆమె వచ్చి తుడిచింది. గ్రాంట్ చొక్కా చేతులు మడిచి కడగడానికి కూర్చున్నాడు. మధ్యలో వీధి చివర డైరీకి, అదే ఇక్కడి చిల్లర కొట్టుకు, వెళ్లి అందరికీ మాంసం కూరి కాల్చిన పైలు తెచ్చాడు. నేను మాంసం తిననని గుర్తుపెట్టుకుని నాకు మాత్రం చీజ్‌ది. మా ఆయన సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి వచ్చి, తలుపు దగ్గర కాసేపు నిలబడి, "నేనేమన్నా చేసేది ఉందా?" అన్నాడు. హేమి అతనికొక గుడ్డ ఇచ్చాడు.

ఈసారి నేను కొన్నింటితో సరిపెట్టలేదు. ప్రతి వాల్వునూ చలిలో పెట్టి ప్రతిదాన్నీ తెరిపించి చూశాను. చివరి దఫా శుక్రవారం ఉదయం. హేమి ఛాంబర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కటే టప్, టప్ మని తెరుచుకుంటుంటే నా భుజాలు ఒక్కొక్క అంగుళం కిందికి దిగుతున్నట్టు అనిపించింది. ఆఖరి గీత స్క్రీన్ మీద నిటారుగా లేచాక హేమి వచ్చి తన నుదురు నా నుదుటికి ఆనించాడు. వాళ్లలో అది గౌరవం తెలిపే పద్ధతి. అన్వర్ అప్పటికే వ్యాను వెనక తలుపులు తెరిచి పెట్టాడు.

సరుకు సమయానికి చేరింది. ఒక్సానా, తను చివరికి నెట్టిన ట్యాంకులన్నింటికీ వాల్వులు బిగించి రైలెక్కించానని మెసేజ్ పెట్టింది. అంతటితో మా పని పూర్తయింది.

నా మనసుకు మాత్రం పూర్తి కాలేదు. ఆ తర్వాత నెలల తరబడి వార్తల్లో ట్యాంకు కాలుతున్నది చూపిస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. అది మేము వాల్వులు పంపిన రకమేనా కాదా అని వెతకడానికి ధైర్యం చాలలేదు. ఆ ట్యాంకులు ఎదుటివాళ్ల మీద పేల్చే గుండ్ల గురించి నేను ఆలోచించలేదని కూడా చెప్పను. వాళ్లకూ డ్రైవర్లుంటారు.

మరుసటి ఏడాది జనవరిలో, మాకు మంచి ఎండాకాలం. రమణ, నేను వరండాలో కూర్చుని పుచ్చకాయ తింటున్నాం. ఒక్సానా నుంచి వీడియో కాల్. చెప్పకుండా ఆమె ఎప్పుడూ చేయదు. నా చేయి ఆగిపోయింది. రమణే ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

"కూర్చునే ఉన్నావా?" అంది ఒక్సానా. ఆమె ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. "ఒక ట్యాంకు మరమ్మతుకు తిరిగి వచ్చింది. పక్కనుంచి దెబ్బ తగిలింది, లోపల మంట లేచింది. బయట గడ్డకట్టే చలి. సీసాలు మందు చిమ్మి మంటను ఆర్పేశాయి. నలుగురూ నడిచి బయటికొచ్చారు. వాల్వు నేనే చేత్తో విప్పాను. మీదే."

నేను ఏడ్చాను. సిగ్గుపడాలని కూడా గుర్తు రాలేదు. రమణ నా భుజం మీద చేయి వేశాడు. ఒక్సానా ఫోన్‌ను పక్కకు తిప్పింది. పాతికేళ్లు కూడా ఉండని కుర్రాడొకడు, ఎడమ చేతికి కట్టుతో, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతనే డ్రైవరట. అతను ఏదో అంటే ఒక్సానా ఇంగ్లీషులో చెప్పింది.

"మీ దేశంలో ఎన్ని ట్యాంకులున్నాయని అడుగుతున్నాడు."

"ఒక్కటీ లేదని చెప్పు," అన్నాను.

అది విని అతను పగలబడి నవ్వాడు. నవ్వితే చేయి నొప్పి పెట్టినట్టుంది, దాన్ని పట్టుకుని ఇంకా నవ్వాడు. మేమందరం నవ్వాం.

మర్నాడు పొద్దున హేమికి చెప్పాను. అతను బల్ల మీద చేతులు ఆనించి కాసేపు తల వంచుకున్నాడు. తర్వాత అన్వర్‌కు ఫోన్ చేస్తే, "అల్లా దయ అక్కా," అని, వెంటనే "నీ దయ గూడ," అన్నాడు.

కొత్తగా చేరే టెస్ట్ ఇంజనీర్లు నన్ను అడుగుతుంటారు, ఏ పరీక్ష అన్నిటికంటే ముఖ్యమని. ఈ వాల్వు సంగతి చెబుతాను. వాల్వు రెండోసారి బాగా పనిచేసిందన్న సంతోషంలో మొదటిసారి జరిగింది మర్చిపోవద్దంటాను. ట్యాంకులో ఉన్నవాడికి రెండోసారి ఉండదు.