ఎర్రోడికీ నల్లోడికీ మధ్య వల

ఇవాళ పూర్ణా మార్కెట్‌లో, మధ్యన ఇనప మెష్ ఉన్న బోనులో చెరోవైపు రెండు పొట్టి పుంజుల్ని పెట్టారు. రెండూ మెష్‌లోంచే పొడుచుకుంటున్నాయి. "బాబూ, మధ్యలో గోనెపట్టా కట్టు" అన్నాను. కొట్టబ్బాయి నవ్వాడు.

గుర్తుందా నేస్తం, చిన్నప్పుడు సముద్రం ఒడ్డున మన పేటలో దేనికి అడ్డం కట్టాలన్నా పాత వలే కదా? మా ఇంట్లో ఒకే పెట్ట పిల్లలు ఎర్రోడూ, నల్లోడూ. పుంజులయ్యాక రోజూ రక్తాలే. ఒకదాన్ని కోసేయమన్నారు అందరూ. అమ్మకి మనసొప్పలేదు. పాత వల దొరక్క, నాన్న వేటకెళ్ళే వలే పెరట్లో అడ్డంగా కట్టేసింది. వలలోంచి ఒకదానికొకటి కనిపిస్తాయని మాకెవరికీ తట్టలేదు.

మధ్యాహ్నం నల్లోడు ఎగిరి తన్నబోయి వలలో మెడ చిక్కించుకున్నాడు. విడిపించేకొద్దీ బిగిసిపోయింది. వేట వలని మేం కాలితో దాటితేనే అరిష్టమని తిట్టే అమ్మ, "కత్తి తే, బేగి తే!" అని నామీద అరిచి, ఆ వలనే పరపరా కోసేసింది. అప్పటికే మెడ వాలిపోయింది.

నాన్న తీరం నుంచి వచ్చి చూశాడు. "ఏటే, వల కోసీసినావా?"

"కోసినా దక్కనేదయ్యా. వల బదులు నా కోక కట్టినా బతికీవోడు" అని కూలబడింది అమ్మ.

మర్నాడు తెల్లారగట్ల ఎర్రోడు కూశాడు. రోజూ పోటీగా బదులు కూసేది నల్లోడే. కాసేపు ఆగాడు ఎర్రోడు. తర్వాత వల దగ్గరికెళ్ళి, అమ్మ కోసిన కంతలోంచి తల అటువైపు పెట్టి, మళ్ళీ కూశాడు.