సంతకం పెట్టొద్దన్నది నేనే

నాకు నోరెక్కువ. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో అందరూ అనేమాటే ఇది. నేనేమో దాన్ని బిరుదులా మోసుకు తిరిగాను. కెనడాలో, విన్నిపెగ్‌లో నలుగురు అమ్మాయిలం ఒక బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని ఉన్న రోజుల్లో ఆ నోరు మరీ పెరిగింది. ఆ నలుగురిలో అందరికంటే ఒక ఏడాది ముందొచ్చినదాన్ని నేనే మరి. బస్సు పాస్ ఎక్కడ దొరుకుతుంది, ఏ కోటు చలికి ఆగుతుంది, ఏ ప్రొఫెసర్ ఆలస్యాన్ని క్షమిస్తాడు, అన్నీ నన్నే అడిగేవారు. తెలిసినా చెప్పేదాన్ని, తెలియకపోయినా చెప్పేదాన్ని. తెలియదు అనడం నాకు చేతనయ్యేది కాదు.

ఆ రోజుల్లో విమానాల నిండా మనవాళ్లే దిగుతున్నారు. కాలేజీ కారిడార్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లేలోపు మన మాట నాలుగు యాసల్లో వినపడేది. అలా దిగినవాళ్లలో మా ఇంటికొచ్చిన పిల్ల ఒకతి ఉంది. కరీంనగర్ నుంచి వచ్చింది, నాకంటే మూడేళ్లు చిన్నది. నన్ను నోరారా అక్కా అని పిలిచేది. నేను గుంటూరుదాన్ని. పేరు పెట్టి పిలిచే ఓపిక లేక పిల్లా అనేదాన్ని. నేను చెప్పిన ప్రతి మాటనూ ఆ పిల్ల నమ్మేది. ఇప్పుడు తలుచుకుంటే నాకు భయమేసేది దానికే.

మా ఇంట్లో నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. నేను బయల్దేరేటప్పుడు మా అమ్మ ఒక స్వీట్ల డబ్బా నిండా మందుబిళ్లలు సర్ది ఇచ్చింది. ప్రతి షీటు మీదా తెల్లటి టేపు అంటించి, దాని మీద బాల్‌పెన్నుతో రాసింది. జలుబుకి, విరేచనాలకి, ఒళ్లు నొప్పులకి రెండు పూటలా. ఒక షీటు మీద మాత్రం 'గట్టి మందు, డాక్టర్ని అడిగి వేసుకో' అని రాసి, కింద రెండు గీతలు గీసింది. ఆ డబ్బా మా వంటింట్లో ఉప్పు పక్కనే ఉండేది. ఎవరికి తుమ్ము వచ్చినా నేను డబ్బా తీసేదాన్ని. అందరూ డాక్టరమ్మా అని ఏడిపించేవారు. పైకి విసుక్కున్నా లోపల ఎంత మురిసిపోయేదాన్నో!

నిజానికి మొదట్లో ఆ డబ్బాతో పెద్దగా పని పడేది కాదు. మా చేతిలో ప్రావిన్స్, అంటే ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం, ఇచ్చిన హెల్త్ కార్డు ఉండేది. అది చిన్న కాగితం ముక్క. దాన్ని క్లినిక్‌లో చూపిస్తే చాలు, పేరు పిలిచేదాకా కూర్చుని డాక్టర్‌ని చూసి వచ్చేయడమే. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. చదువుకోవడానికి వచ్చిన మాలాంటివాళ్లకు కూడా ఇక్కడివాళ్లతో సమానంగా ఆ కార్డు ఇవ్వడం ఎంత గొప్ప సంగతో మాకు అప్పట్లో తట్టలేదు.

ఒకరోజు ఆ కార్డు విదేశీ విద్యార్థులకు తీసేయాలనుకుంటున్నారని వార్త వచ్చింది. మా క్లాసులో నైజీరియా నుంచి వచ్చిన ఒకామె ఉండేది. చదువుతూనే ఇద్దరు పిల్లల్ని పెంచుతోంది. ఆమె మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంటీన్‌లో మా టేబుల్ దగ్గరకొచ్చి, సంతకాల కాగితం ముందు పెట్టింది. కార్డు తీయొద్దని ప్రభుత్వానికి పంపే విన్నపం అది. ఇంకా ఆలోచిస్తున్నారట, ఇప్పుడే అడగాలట. మా టేబుల్ చుట్టూ మనవాళ్లం పదిహేను మందిమి పైనే ఉన్నాం. పిల్ల అప్పటికే బ్యాగులోంచి పెన్ను తీసింది.

"అక్కా, పెట్టాల్నా?" అని అడిగింది.

నేను ఆ చేతిలోంచి పెన్ను లాక్కున్నాను. "నీకేమన్నా మతి పోయిందా? రేపు మనం ఇక్కడే స్థిరపడాలంటే పీఆర్‌కి నామినేట్ చేయాల్సింది ఎవరు? ఈ ప్రావిన్సే కదా! దాని మీదే కంప్లైంట్ రాసి పేరూ, ఫోన్ నంబరూ ఇస్తావా? మన పేరు ఎక్కడ పడినా అది ఫైల్లోకి వెళ్తుంది. ఎవరూ పెట్టకండి" అన్నాను. తెలుగులోనే అన్నాను. కానీ ఆ నైజీరియా ఆమెకు భాష రాకపోయినా సంగతి అర్థమైపోయింది. నా మొహం వైపు చూసి, కాగితం తీసుకుని పక్క టేబుల్‌కి వెళ్లింది.

సంతకం పెడితే పీఆర్ రాదని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఎక్కడో ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో ఎవరినో చూసి భయపడ్డారని విన్నాను, అంతే. అయినా మా టేబుల్ నుంచి ఒక్క సంతకం కూడా పడలేదు.

కార్డు తీసేశారు. కాలేజీవాళ్లు దాని బదులు ఒక ప్రైవేట్ ఇన్సూరెన్స్ చేతిలో పెట్టారు. క్లినిక్‌లో ముందు మన జేబులోంచి కట్టాలి, తర్వాత రసీదులు అప్‌లోడ్ చేసి ఎదురుచూడాలి, ఏది వస్తుందో ఏది రాదో వాళ్లు చెప్తారు. నెల తిరిగేసరికి మా వాళ్ల నోట కొత్త మాట ఒకటి మొదలైంది. ఇండియా వెళ్లినప్పుడు చూపించుకుందాంలే. పన్ను నొప్పికీ అదే, నడుము నొప్పికీ అదే. హోటల్లో కూరగాయలు తరిగే ఒకడు వేలు లోతుగా తెగితే పసుపు అద్ది గుడ్డ కట్టుకుని మర్నాడు పనికి వెళ్లాడు. మా అమ్మ డబ్బాకు గిరాకీ పెరిగింది. పక్క వీధుల్లో ఉండే మనవాళ్లు కూడా ఫోన్ చేసి బిళ్లలు అడిగేవారు. నేను ఒళ్లు తెలియకుండా పంచాను.

ఆ చలికాలంలో పిల్లకు జలుబు చేసి ఎడమ చెవి పోటు మొదలైంది. అప్పుడు ఒక కాఫీ షాపులో డ్రైవ్‌త్రూ దగ్గర పని చేసేది. హెడ్‌సెట్ పెట్టుకుని కార్లలోంచి వచ్చే ఆర్డర్లు వినడమే పని.

"చెవి మస్తు నొస్తుందక్కా" అంది, తల ఒక పక్కకు వంచి.

"దీనికే ఇంత మొహం పెట్టాలా? ఇలా రా" అన్నాను. గరిటెలో నూనె కాచి, వెల్లుల్లి వేసి, చల్లారాక రెండు చుక్కలు చెవిలో వేశాను. మా నానమ్మ మాకు అలాగే వేసేది. మూడో రోజుకు జ్వరం వచ్చింది. అప్పుడు డబ్బా తెరిచి గట్టి మందు షీటు తీశాను, యాంటీబయాటిక్ అది. అందులో మూడు బిళ్లలే మిగిలాయి. అమ్మ గీసిన రెండు గీతలూ చూశాను. చూసే ఇచ్చాను. ఎంతమందికి ఇవ్వలేదు, ఏమైంది కనక అనుకున్నాను.

నొప్పి తగ్గింది. "చూశావా! క్లినిక్‌కని బయల్దేరి ఉంటే ఒక రోజు పనీ పోయేది, ఆ రసీదుల గోలా ఉండేది" అని గొప్పలు పోయాను. పిల్ల నవ్వి, "నువ్వుంటే మాకు డాక్టర్ ఎందుకక్కా" అంది.

నాలుగు రోజులకు నొప్పి మళ్లీ వచ్చింది. ఈసారి పొద్దున లేచేసరికి దిండు గలీబు మీద చీము మరక ఉంది. "క్లినిక్‌కు పోదామా అక్కా?" అని అడిగింది. కారిపోతే మంచిదేనని, లోపలిదంతా బయటికొచ్చేస్తుందని నేను చెప్పాను. మర్నాడు మళ్లీ అడిగింది. శనివారం దాకా చూద్దాం అన్నాను. ఆ రెండుసార్లు ఆ పిల్ల అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే. అది నా అనుమతి అడగడం. వెళ్లడానికి నా అనుమతి ఎందుకు? కానీ అడిగింది, నేను వద్దన్నాను.

శుక్రవారం పొద్దున బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోయింది. లేపి చూస్తే చెవి వెనక ఎర్రగా ఉబ్బి, చెవి మొత్తం ముందుకు తోసుకొచ్చింది.  టాక్సీలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం.

అక్కడ డాక్టరు అన్నీ ఒక్కొక్కటిగా అడిగింది. ఎన్నాళ్ల నుంచి, జ్వరం ఎంత, ఏం మందులు వాడారు. పిల్ల గట్టి మందు పేరు చెప్పింది. వారం పాటు వాడాల్సిన మందు ఎన్ని వేసుకున్నావంటే మూడన్నది. డాక్టరు రాయడం ఆపి తలెత్తింది. "ఎవరిచ్చారు నీకు?" అని అడిగింది.

నేను మంచం పక్కనే ఉన్నాను. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో చూపే బొమ్మలు అతికించి ఉంటే వాటినే చూస్తూ నిలబడ్డాను. నోరెక్కువ అని చెప్పానే, ఆ నోటికి ఆ రోజు ఒక్క మాట రాలేదు.

"ఇంటి నుంచి తెచ్చుకున్నాను. నేనే వేసుకున్నాను" అంది పిల్ల, ఇంగ్లీషులో, స్పష్టంగా.

డాక్టరు వెళ్లాక నేను, "అలా ఎందుకు చెప్పావే?" అన్నాను. చెవి నొప్పికి పళ్లు బిగించి, మెల్లగా అంది: "నీ పేరు రాసుకుంటరేమో అక్కా. నీ పీఆర్ ఫైల్ లోపల ఉంది గద."

నేను క్యాంటీన్‌లో నేర్పిన పాఠం అది. తు.చ. తప్పకుండా నాకే అప్పజెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా లేచి వెళ్లి డాక్టర్‌కి నిజం చెప్పానా? చెప్పలేదు. సిగ్గు లేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

ఆపరేషన్ చేశారు. ప్రాణానికి ప్రమాదం తప్పింది కానీ ఎడమ చెవికి వినికిడి పోయింది. ఇన్ఫెక్షన్ లోపలి చెవి దాకా వెళ్లిందట, ఒక వారం ముందు తీసుకొచ్చి ఉంటే దక్కేదట. ఆ వారం ఎవరిదో నాకు తెలుసు. ఇన్సూరెన్స్‌వాళ్లతో పడ్డ పాట్లు ఇక్కడ రాయను. నా తప్పుకు వాటిని అడ్డుపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఒక చెవి పోతే ఇంకోటి ఉంది కదా అని మనం తేలిగ్గా అనేస్తాం. శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ కావాలని నాకు అప్పుడే తెలిసింది. ఎవరు పిలిచినా పిల్ల ముందు తప్పు వైపే తిరిగేది. రోడ్డు దాటేటప్పుడు హారన్ వినపడితే ఉన్నచోటే ఆగిపోయి, అటూ ఇటూ చూసేది. హెడ్‌సెట్ పని వదిలేసి అదే షాపులో వెనక ట్రేలు కడిగే పనికి మారింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేను అడ్డంగా వాదించి, అరిచి, తర్వాత ఏడ్చి, కాళ్లు పట్టుకునేదాన్నేమో. ఆ అవకాశం నాకు ఇవ్వలేదు.

కార్డు తీసింది ప్రభుత్వమే. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. కార్డు ఉంటే మొదటి రోజే క్లినిక్‌కి పొమ్మని నేనే తరిమేదాన్ని, ఆ మాట నిజం. మా పదిహేను సంతకాలతో అది ఆగి ఉండేదా అంటే ఆగేది కాదనే అనుకుంటాను. ఇలా అనుకున్న ప్రతిసారీ నేను లాక్కున్న పెన్ను గుర్తొస్తుంది. ఆగదని నాకు ముందే తెలిసి కాదు కదా నేను వద్దన్నది! నా ఫైల్ కోసం వద్దన్నాను.

నా పీఆర్ వచ్చింది. దాంతోపాటు హెల్త్ కార్డు మళ్లీ పోస్టులో వచ్చింది. ఆ రోజు పిల్ల సేమ్యా పాయసం చేసింది. "ఇగ నీకు రంది లేదక్కా" అని గిన్నె చేతికిచ్చింది.  తనకు పీఆర్ ఇంకా రాలేదు. చదువైపోయి వర్క్ పర్మిట్ మీద ఉంది, నామినేషన్ కోసం ఎదురుచూస్తోంది. మేమిద్దరం ఇప్పటికీ కలిసే సరుకులకు వెళ్తాం. నేనెప్పుడూ తనకు కుడివైపే నడుస్తాను. అది నాకు అలవాటైపోయింది.

మొన్నొక ఆదివారం ఇండియన్ స్టోర్‌కి వెళ్లాం. గుమ్మం దగ్గర ఎవరో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు చిన్న బల్ల వేసుకుని నిలబడ్డారు. విద్యార్థులకు హెల్త్ కార్డు తిరిగి ఇవ్వాలని సంతకాలు అడుగుతున్నారు. నేను బియ్యం బస్తా కింద పెట్టి, అందరికంటే ముందు వెళ్లి సంతకం పెట్టాను. ఎంత ధైర్యమో! నాకిప్పుడు పోయేదేముంది? పెట్టి పక్కకు జరిగాను. బల్లకు అటువైపు గోడ ఉండటంతో తనకు ఎడమవైపు వచ్చాను.

పిల్ల పెన్ను తీసుకుంది. ఒంగి, పేరు రాయడం మొదలుపెట్టింది.

"వద్దే, నీ పీఆర్ ఇంకా రాలేదు" అని లోగొంతుకలో అనేశాను.

అది నా నోట్లోంచే వచ్చింది. ఇంత జరిగాక, ఆ చెవి పక్కనే నిలబడి, మళ్లీ అదే మాట. పిల్లకు వినపడలేదు. పేరు రాసింది, ఫోన్ నంబరు రాసింది, సంతకం పెట్టింది. అప్పుడు నా నీడ కదిలిందేమో, మొత్తం నా వైపు తిరిగింది.

"ఏమన్నా అన్నవా అక్కా?"

"ఏం లేదే. పేరు కాస్త స్పష్టంగా రాయమన్నాను" అన్నాను.

సరేనని మళ్లీ కాగితం మీదకు ఒంగి, తన పేరులోని ప్రతి అక్షరాన్నీ ఇంకోసారి దిద్దింది.