పొత్రం పట్టుకున్న పక్క

చిత్తూరు పక్కన మా ఊళ్లో తలుపులు, కిటికీలు, మంచాలు ముప్పాతిక భాగం మా నాయన చేసినవే. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన ఉలి పక్కన పెట్టేశాడు. పని నేను చూసుకుంటున్నాను. ఒక ఏడు చెరువు నిండితే చేపల కాంట్రాక్టరు మా ఇంటికొచ్చి పడవ కావాలన్నాడు. ఊళ్లో పడవ చేసేవాడు లేడు. నేనూ కాదు. అయినా సరేనన్నాను. శ్రీహరికోట దారిలో ఉప్పునీళ్ల ఒడ్డున ఒక పూట కూర్చుని పడవలు చూసొచ్చాను కాబట్టి నాకన్నీ తెలుసు.

మామిడి పలకలు అడ్డకర్రలకు ఆనించి మేకులు కొట్టేదాకా పని బాగానే సాగింది. తలుపుకు మేకు కొడితే అక్కడితో సరి. పడవకు అలా కాదు. బయటినుంచి ఒకడు కొడుతుంటే లోపల ఇంకొకడు బరువైనదేదో అదిమి పట్టాలి. రాగి మేకు మొన దానికి తగిలి, వెనక్కి మడుచుకుని చెక్కలో దిగాలి.

సంగతి నాయన మంచం మీదనుంచే కనిపెట్టాడు. “లోపల నేను పట్టుకుంటాలేరా,” అన్నాడు. వద్దు, నేనొక్కణ్ణే చేసుకుంటానన్నాను. చేతుల మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆయన తన చేతులు చూసుకుని తువ్వాలు కింద పెట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. పని చెడిపోతుందన్న భయం మాత్రం ఇంకా పెద్దది, అందుకే మాట వెనక్కి తీసుకోలేదు.

అమ్మ రుబ్బురోలు పొత్రం తెచ్చి పడవలోపల తాడుతో కట్టాను. రెండు దెబ్బలకు జారింది. ఎక్కి కట్టాను, దిగి కొట్టాను, మళ్లీ జారింది. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. మేకు కన్నా కాదు. మూడు రోజులు ఎక్కి దిగి ఎడమ పక్క ఎలాగో ముగించాను. అమ్మ పిండి పక్కింట్లో రుబ్బుకుని, మా పొత్రం పడవెక్కిందని వీధంతా చెప్పొచ్చింది.

నాలుగో రోజు కుడి పక్క మొదలుపెడదామని పోతే నాయన పడవలో కూర్చుని ఉన్నాడు. ఎలా ఎక్కాడో చెప్పలేదు. పొత్రం పలకకు ఆనించి, దానికి వీపు ఆనించి, కాళ్లు ఎదురుగా తన్నిపెట్టాడు. చేతులు ఒళ్లో ఉన్నాయి, వణుకుతూనే.

“కొట్టు,” అన్నాడు.

కొట్టాను. పొత్రం కదల్లేదు. సాయంత్రం దాకా ఆయన ఒక్కో మేకుకూ జరుగుతూనే ఉన్నాడు.

పడవను చెరువులో దింపిన రోజు ఎడమ పక్క ప్రతి మేకు దగ్గరా నీళ్లు కారాయి. కుడి పక్క పొడిగా ఉంది. కాంట్రాక్టరు నా మొహం చూశాడు. నేను చెరువు చూశాను. గట్టు మీద నాయన వంగి రెండు పక్కలూ చూశాడు.

“ఆ పక్క ఎవురు పట్టుకునింది?”

ఎవరూ పట్టుకోలేదు నాయనా, అన్నాను. ఏడుపొచ్చినంత పనయింది.

“ఆ పక్క మేకులన్నీ పెరికెయ్. రేపు ఇద్దరం కొడదాం.”

ఇంటికొచ్చి చెప్తే, అమ్మ నానబెట్టిన బియ్యం, మినప్పప్పు ఎత్తుకుని పక్కింటికి పోయింది.