ముందే కుట్టిన బొంత

మే నెలలో మా మిద్దె మీద ఎండకు గిరాకీ ఎక్కువ. తూర్పు వైపు మా అత్త వడియాలు. మెట్ల పక్కన ఆవకాయ కారానికి మిరపకాయలు. నాకు మిగిలేది నీళ్ల ట్యాంకు పక్కన పడమటి మూల. బొంతకు ఆ మూల చాలదు. మంచమంత జాగా కావాలి. అందుకని ప్రతి వేసవిలోనూ నేనూ మా అత్తా సుద్దముక్కతో గీత గీసుకుని మిద్దెను పంచుకుంటాం. మధ్యాహ్నానికల్లా ఇద్దరిలో ఎవరో ఒకరు గీత దాటుతాం.

మా అమ్మది నగరి దగ్గర నేత ఇల్లు. మగ్గం దగ్గర మిగిలిన నూలు పోగులతో, అరిగిపోయిన చీరలూ పంచెలూ నాలుగైదు వరసలు పరిచి బొంతలు కుట్టడం అక్కడ నేర్చుకున్నాను. నేను తిరుపతిలో ప్రభుత్వ పాఠశాలలో సైన్సు చెప్తాను. సెలవులు వేసవిలోనే కాబట్టి బొంతలూ వేసవిలోనే. ఇంకో కారణమూ ఉంది. మా వైపు వానలు కార్తీకంలో దంచుతాయి. అప్పుడు ఒక లుంగీ ఆరడానికే మూడు రోజులు పడుతుంది. నాలుగు వరసల బొంత ఆరనే ఆరదు, ముక్కిపోతుంది. మే ఎండలో రెండు పూటలు కాగిన బొంత మాత్రం వానాకాలమంతా పొడిగా, మెత్తగా ఉంటుంది.

వంటా కుట్టూ ఒకదాని సందులో ఒకటి సాగుతాయి. వడియాల పిండి ఉడికేలోపు ఒక వరస కుట్టు. సంగటికి ఎసరు కాగేలోపు ఇంకో వరస. నూనె చేతులతో సూది పట్టుకోకూడదు కాబట్టి తాలింపులన్నీ మొదలే అయిపోవాలి. మా ఆయన ఘాట్‌రోడ్డు మీద బస్సు నడుపుతాడు. డ్యూటీ లేని రోజు రోట్లో ఊరుబిండి, అదే మా వేరుశనగల పచ్చడి, నూరేది ఆయనే. పెళ్లయిన కొత్తలో నేను పెట్టిన మొదటి పేచీ అది. అన్ని మలుపులు తిప్పే చేతులకు రోకలి బరువా అని అడిగాను. ఆయన వాదించలేదు, నూరాడు. వేరుశనగలు పొడి కాకుండా పలుకులుగా నలగ్గొట్టడంలో ఇప్పుడు మా వీధిలో ఆయనకు సాటి లేరు. తొలిసారి చూసినప్పుడు మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయన్నే ఇంకొంచెం నూరమంది.

వాదన నాకు నాయన ఇచ్చింది. చిన్నప్పుడు చిత్తూరులో చర్చాసభలు జరిగితే నన్ను సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. వితంతువులు, జాతకాలు, అంటు, మడి, అన్నిటి మీదా పెద్దవాళ్లు గొంతులు చించుకుని తగువులాడుకోవడం విన్నాను. తరవాత నేనే వేదికలెక్కి మాట్లాడాను, పత్రికలకు రాశాను. గ్రహణం రోజు పిల్లలకు బడి మైదానంలో అట్టపెట్టెకు సూదిబెజ్జం పెట్టి సూర్యుడి బింబం చూపించాను, వాళ్లతో కలిసి అక్కడే ఇడ్లీలు తిన్నాను. నా నోరు మూయించినవాళ్లు ఎవరూ లేరని అనుకునేదాన్ని.

ఇక అసలు విషయం. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే పుట్టబోయే బిడ్డకోసం ముందుగా ఏదీ కుట్టకూడదని మా వైపు కట్టడి. బొంత గానీ, పొత్తిగుడ్డ గానీ, టోపీ గానీ. కుడితే బిడ్డ నిలవదంటారు. కింది వాటాలో జాకెట్లు కుట్టే ముస్లిం ఆపాను అడిగాను. "మా ఇండ్లల్లో కూడా అంతే టీచరమ్మా, ఈ ఒక్కదాంట్లో మీరూ మేమూ ఒకటే" అని నవ్వింది. ఈ కట్టడి వల్ల ఏమవుతుందో చూడండి. బిడ్డ పుట్టాక పచ్చి బాలింతకు పత్యం వండాలి, వేన్నీళ్లు కాచాలి, వచ్చేపోయేవాళ్లకు కాఫీలు పెట్టాలి, ఆ గుడ్డలన్నీ ఉతకాలి, ఆ సందట్లోనే కూర్చుని బొంతలూ కుట్టాలి. ఇదంతా చేసేది ఎవరు? కట్టడి పెట్టినవాడెవడో జన్మలో సూది పట్టి ఉండడు.

రెండేళ్ల కిందట మా అమ్మాయికి మూడో నెలని తెలిసినప్పుడు నేను ఆ వేసవిలోనే బొంత మొదలుపెట్టాను. అమ్మాయి చిత్తూరులో బ్యాంకు ఉద్యోగి. అల్లుడికి సత్యవేడు వైపు ఫ్యాక్టరీలో పని. ఇద్దరికీ సెలవులు దొరకవు, పురిటికి వచ్చేది మా ఇంటికే. బొంత సగం అయింది. ఐదో నెలలో, పెద్దగా నొప్పి కూడా లేకుండానే, బిడ్డ పోయింది. గర్భసంచి మూతి బలహీనంగా ఉందని, బరువు పెరిగేసరికి ఆపలేకపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి కడుపు వస్తే మూడు నెలలు నిండగానే అక్కడ ఒక కుట్టు వేస్తామని, ముందుగానే రమ్మని కూడా చెప్పింది.

పరామర్శకు మా ఆడబిడ్డ వచ్చింది. అమ్మాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ మంచం పక్కనే నిలబడి మా ఆడబిడ్డ అంది: "సైన్సు చెప్పే ఇల్లు. ముందే బొంత కుట్టినారు. ఇంకేమవుతాది?"

నేను మాట్లాడలేదు.

బిడ్డను పోగొట్టుకున్న పిల్ల ముందు వాదన ఎందుకనుకున్నాను. ఊరుకోవడమే దయ అనుకున్నాను. తరవాత మూడు మధ్యాహ్నాలు కూర్చుని ఆ సగం బొంత కుట్లన్నీ బ్లేడుతో ఊడదీసి, చీరలు మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేశాను. అది కనబడితే అమ్మాయికి బాధ అని నాకు నేను చెప్పుకున్నాను.

ఈ సంవత్సరం మళ్లీ కడుపు నిలిచింది. మే నెలలోనే డాక్టరమ్మ కుట్టు వేసింది. పడుకునే ఉండాలని చెబితే అమ్మాయి సెలవు పెట్టి మా ఇంటికి వచ్చింది. హాల్లో కిటికీ కింద మంచం వేశాం. ఒక ఉదయం వంట ముగించుకుని నేను ట్రంకుపెట్టె తెరిచాను.

మా అత్త చింతపండు పిసుకుతున్న గిన్నె వదిలేసి వచ్చింది. "ఏమ్మే, మల్లా తీసినావా?"

"తీసినా అత్తా."

"పోయినసారి సాలదా నీకు?"

"పోయినసారి ఎందుకు పోయిందో డాక్టరమ్మ చెప్పింది గదా."

"ఆమె చెప్పింది ఆమెకు. నేను సూసింది నాకు. నువ్వు కుట్టినావు, అది పోయింది. ఇంకేం గావాల?"

"అదే వారం నువ్వు మూడు చాపల నిండా వడియాలు పెట్టినావు. వడియాలు పెట్టినావు, అది పోయింది అంటే ఒప్పుకుంటావా?"

"నా వడియాల జోలికి రావద్దు. నలభై ఏండ్లుగా పెడతా ఉండా. వడియాలకూ కడుపుకూ ఏం సమ్మందం?"

"అదే నేనడిగేది."

ఆమెకు కోపం వచ్చింది. నాకు గెలిచానని లోపల సంబరం. అప్పుడు మంచం మీద నుంచి అమ్మాయి గొంతు వినబడింది. "మా, ఆపు. మూసెయ్యి ఆ పెట్టె."

మూశాను.

ఆ మధ్యాహ్నం సంగటీ పుల్లగూరా కంచంలో పెట్టి తీసుకెళ్లాను. రెండు ముద్దలు తిని, నా మొహం చూడకుండా అడిగింది. "నువ్వు ఇవన్నీ నమ్మవు గదా మా?"

"నమ్మను."

"మరి ఆరోజు ఊరికే ఎందుకున్నావు?"

ఏ రోజు అని అడగాల్సిన పని లేకపోయింది.

"అన్నిటికీ లేచి మాట్లాడేదానివి. గ్రహణానికి బడి మొత్తాన్ని మైదానంలో నిలబెట్టినదానివి. మేనత్త నా నెత్తి దగ్గర నిలబడి ఆ మాట అంటే నోరు తెరవలేదు. తరవాత కూర్చుని ఒక్కొక్క కుట్టూ ఊడదీసినావు. పడుకోని అంతా చూస్తా ఉన్నా నేను. అప్పుడు అనుకున్నా, అమ్మకే అనుమానం వచ్చిందంటే ఇది నిజమే అని."

ఇన్నేళ్లలో ఎంతమందితోనో వాదించాను. ఏ పూజారీ, ఏ జ్యోతిష్యుడూ నన్ను ఓడించలేదు. నా ఇంట్లో, నా చేతుల్తో, ఒక బ్లేడు ముక్కతో నేనే ఓడిపోయాను. రెండేళ్లుగా నా కూతురు తన బిడ్డ పోవడానికి కారణం తన తల్లి అనుకుంటూ బతికింది. నా మౌనమే ఆమెకు సాక్ష్యం అయింది.

"ఆరోజు నేను తప్పు చేసినా" అన్నాను. "బొంత కుట్టడం కాదు. నోరు మూసుకోవడం. కుట్లు ఊడదీయడం. ఆ రెండూ తప్పు."

"ఈసారి కూడా ఏమన్నా అయితే?"

అబద్ధం చెప్పొచ్చు. ఏమీ కాదు, అంతా మంచే జరుగుతుంది అనొచ్చు. ఏ జ్యోతిష్యుడైనా చెప్పేదీ అదే.

"అయ్యేది ఉంటే అవుతాది. కాకుండా చూసేదానికి డాక్టరమ్మ ఉండాది, నువ్వు ఇట్ల కదలకుండా పడుకోని ఉండావు. ఆ గుడ్డలకు మంచి చేసే శక్తీ లేదు, చెడు చేసే శక్తీ లేదు. నీకు భయమైతే నేను కుట్టను. భయం నీది, దాన్ని నేను కొట్టేయను. కానీ బొంత వల్ల పోయిందని ఈ ఇంట్లో ఇంకెవరు అన్నా నేను ఊరుకునేది లేదు. నువ్వన్నా సరే."

ఆమె మళ్లీ ముద్ద తుంచుకుంది. కంచం ఖాళీ చేసింది.

నాలుగు రోజులు నేను సూది పట్టలేదు. ఆ నాలుగు రోజుల్లో ఆవకాయ పెట్టేశాం, జాడీల మూతులకు గుడ్డలు కట్టేశాం. మిద్దె మొత్తం మా అత్త వడియాలదే, అడ్డుచెప్పేవాళ్లు లేక ఆమెకు కూడా తోచలేదు. ఐదో రోజు ఉదయం అమ్మాయి పిలిచింది. "మా, మిద్దె మీద వద్దు, నేను ఎక్కలేను. ఈడనే పరుచు. పడుకోని చూస్తా."

హాల్లో పరిచాను. ఆరోజు మా ఆయనకు డ్యూటీ లేదు. గుడ్డలు జరగకుండా నాలుగు మూలలకు బరువులు పెట్టాలి. రెండు మూలలకు నా పుస్తకాలు, ఒక మూలకు రోకలి, నాలుగో మూలలో తనే కూర్చున్నాడు. "బస్సు ఆపినట్టు కూర్చున్నా, ఇంక కదల్దు" అన్నాడు. లోపలి వరసకు ఏ గుడ్డ వేయాలా అని నేను వెతుకుతుంటే అమ్మాయి వేలు చూపించింది. "ఊడదీసిన చీరలు ఉండాయి గదా. అవే వెయ్యి." పాత కుట్ల బెజ్జాలు వాటి నిండా ఉన్నాయి. అలాగే వేశాను. పెద్ద పెద్ద కుట్లతో వరసలన్నీ జతచేశాక ఒక అంచు ఆమె ఒళ్లోకి అందించాను. ఆమె కుట్టు వంకరగా పోయింది. సరిచేయలేదు నేను.

జూన్‌లో మా ఆడబిడ్డ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. "మల్లా మొదులుపెట్టినావా వదినా? నీకు లేకపోతే పోనీ, బ్యాంకులో పనిచేసే పిల్లకన్నా బుద్ధి ఉండొద్దా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి అందుకుంది. "అత్తా, డాక్టరమ్మ నాకు కుట్టు వేసింది. నేను బొంతకు వేస్తా ఉండా. రెండిట్లో ఏది తీసెయ్యమంటావు, చెప్పు."

మా ఆడబిడ్డ నా వైపు చూసింది. అప్పుడు నేను రెండేళ్ల కిందట అనాల్సింది అన్నాను. "ఆరోజు నువ్వన్న మాట తప్పు. ఈ పిల్ల మంచం పక్కన నిలబడి అన్నావు, అది ఇంకా తప్పు. నేను ఊరికే ఉన్నా, ఒప్పుకున్నానని కాదు. ఇంకోసారి అనాలంటే నా ముందర కూర్చుని అను, నేను జవాబు చెప్తా." ఆమె అలిగింది. అన్నను పిలిచి నాలుగు మాటలు అంది. సంగటీ ఊరుబిండీ మాత్రం తినే పోయింది.

మా అత్త మారలేదు. మారిందని రాస్తే కథ బాగుంటుంది, నిజం కాదు. బొంత పరిచి ఉన్నన్ని రోజులూ ఆమె వంటింటి వాకిలి గుండానే తిరిగింది. ఎండబెట్టడానికి మిద్దె మీద సగం వదిలిపెట్టింది గానీ ఆ సగం వైపు చూడలేదు. బొంత మడిచి బీరువాలో పెట్టిన రోజు నాతో అంది. "ఈసారి బిడ్డ బాగా పుడతాది. అప్పుడు ‘సూసినారా, కుట్టినా ఏం కాలేదు, నేనే గెలిచినా’ అని పేపర్లో రాసుకుంటావు. నాకు తెల్దా నీ సంగతి?"

ఆమె అన్నది నిజం. నేను అలాగే రాసేదాన్ని. బిడ్డ పుట్టడాన్ని నా వాదనకు రుజువుగా వాడుకునేదాన్ని. పోయిన బిడ్డను మా ఆడబిడ్డ తన వాదనకు రుజువుగా వాడుకున్నట్టే.

"రాయను అత్తా" అన్నాను. "పుట్టకముందే రాస్తా. ఏం జరిగినా బొంతకు సంబంధం లేదని ముందే రాసి పంపిస్తా."

"రాయి, సూస్తా" అంది.

అదే ఇది. బయట వానలు మొదలైనాయి. అమ్మాయికి ఎనిమిది నెలలు నిండాయి, మంచం మీదే అనపకాయలు ఒలుస్తోంది. రాసింది చదివి వినిపించాను. పేర్లు వద్దంది, తీసేశాను. తను భయపడిన మాట ఉంచమంది, ఉంచాను. మా అత్త గోడకు ఆనుకుని కూర్చుని అంతా విని, "వడియాల సంగతి కూడా రాసినావా" అని మాత్రం అడిగింది.

ఏమవుతుందో నాకు తెలియదు. బిడ్డ క్షేమంగా వస్తే అది డాక్టరమ్మ పనితనం, నా కూతురి ఓపిక. ఆ బొంత అప్పుడు బిడ్డ కింద వేసే గుడ్డ, అంతే. ఇంకోలా జరిగితే ఆ దుఃఖం మాది. అందులోకి బొంతను లాగే హక్కు ఎవరికీ లేదు. లాగితే, నా బిడ్డ పడుకున్న ఆ గదిలోనే, ఆమె వినేటట్టు, జవాబు చెప్తాను.